విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో సామ్రాజ్యవాద చరిత్ర పరిశోధన: గుంటూరు నందన కరువు ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

సామ్రాజ్యవాద చరిత్రను పరిశోధించాలంటే లండన్ వెళ్లక తప్పదని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. నిజానికి ఆ చరిత్రకు ఆధారమైన సామగ్రిలో పెద్ద భాగం మన పాత విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లోనే, ఎవరూ అంతగా అడుగుపెట్టని ప్రభుత్వ ప్రచురణల విభాగంలో ఉంటుంది. శిస్తు వసూలు కోసమూ, న్యాయస్థానాల కోసమూ, పార్లమెంటుకు సంజాయిషీ చెప్పుకోవడం కోసమూ ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం, దాని తర్వాత వచ్చిన బ్రిటిష్ ప్రభుత్వం రాసుకున్న కాగితాల్లో చాలావాటిని ఆనాడే అచ్చు వేయించాయి. వాటిని ఎలా వెతకాలో, దొరికినదాన్ని ఎలా చదవాలో తెలిస్తే ఎం.ఏ. స్థాయి విద్యార్థి కూడా విలువైన పని చేయగలడు. ఈ మార్గదర్శిలో 1832-33 నాటి గుంటూరు కరువునే మొదటి నుంచి చివరి వరకు ఉదాహరణగా తీసుకుంటున్నాను. నందన నామ సంవత్సరంలో వచ్చింది కనుక నందన కరువనీ, డొక్కల కరువనీ జనం చెప్పుకున్న ఆ విపత్తు ఒక జిల్లాను దాదాపు తుడిచిపెట్టింది. దాని గురించి శ్రద్ధగా రాయడం చరిత్ర విద్యార్థులుగా మన బాధ్యత అని నా నమ్మకం.

మొదటి మెట్టు: ప్రశ్నను కుదించుకోవడం

"భారతదేశంలో బ్రిటిష్ సామ్రాజ్యవాదం" అనే శీర్షికతో గ్రంథాలయంలోకి వెళ్తే వేల పుస్తకాలు ఎదురవుతాయి, వాటిలో ఏది ముందు తీయాలో తోచదు. ప్రశ్నలో ఒక ప్రాంతం, ఒక కాలం, ఒక పాలనా వ్యవహారం ఉండాలి. "1832-33లో గుంటూరు జిల్లాలో అంతమంది చనిపోవడానికి వర్షాభావం ఎంత కారణం, కంపెనీ శిస్తు విధానం ఎంత కారణం?" అన్న ప్రశ్నలో ఆ మూడూ ఉన్నాయి. ఇలాంటి ప్రశ్న చేతిలో ఉంటే ఏ పుస్తకం తెరవాలో, ఏది పక్కన పెట్టాలో వెంటనే తేల్చుకోవచ్చు. సామ్రాజ్యవాదం అంటే ఏమిటన్న పెద్ద చర్చను ఇప్పుడే మొదలుపెట్టవద్దు. సిద్ధాంతాలు ముందు చదివి ఆధారాల దగ్గరికి వెళ్లేవారు, తాము నమ్మినదాన్ని బలపరిచే వాక్యాలనే ఏరుకునే ప్రమాదం ఉంది.

రెండో మెట్టు: కాలం, సరిహద్దులు, కొలతలు

కేటలాగు దగ్గరికి వెళ్లడానికి ముందే ఒక కాగితం మీద నేపథ్యం రాసుకోవాలి. ఉత్తర సర్కారుల (గుంటూరు సహా ఉత్తర కోస్తా జిల్లాల) మీద కంపెనీ 1765లో మొఘల్ చక్రవర్తి షా ఆలం నుంచి ఫర్మానా (రాజాజ్ఞ) పొందింది, 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుంది. గుంటూరు సర్కారు మాత్రం 1788లో గానీ కంపెనీ చేతికి రాలేదు. 1802 నుంచి ఆ ప్రాంతంలో జమీందారులతో శాశ్వత శిస్తు ఒప్పందాలు అమలయ్యాయి. కరువు కాలానికి అక్కడి పెద్ద జమీందారీలు అప్పుల్లోనూ, వారసత్వ తగాదాల్లోనూ చిక్కుకుని ఉన్నాయి.

జిల్లా సరిహద్దుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 1859లో గుంటూరు జిల్లాను రద్దు చేసి, దాని భూభాగంలో ఎక్కువ భాగాన్ని కొత్తగా ఏర్పడిన కృష్ణా జిల్లాలో కలిపారు. గుంటూరు మళ్లీ ప్రత్యేక జిల్లా అయింది 1904లో. అందువల్ల 1859కీ 1904కీ మధ్య అచ్చైన గ్రంథాల్లో గుంటూరు పేరుతో వెతికితే ఏమీ దొరకదు. ఆ జిల్లా చరిత్ర 1883లో గోర్డన్ మెకంజీ కూర్చిన కృష్ణా జిల్లా మాన్యువల్లో (జిల్లా వివరాల అధికారిక గ్రంథంలో) ఉంటుంది. ఈ ఒక్క విషయం తెలియక, "మా గ్రంథాలయంలో సమాచారం లేదు" అని వెనుదిరిగే విద్యార్థులు ఉన్నారు.

రెవెన్యూ కాగితాల్లో తేదీలు ఫసలీ (పంటల లెక్కన నడిచే రెవెన్యూ) సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, కాబట్టి ఫసలీ 1242 అంటే 1832-33. డబ్బు లెక్కలు 1818కి ముందు ఎక్కువగా నక్షత్ర పగోడాల్లో (అప్పటి బంగారు నాణేల్లో) కనబడతాయి. ఆ ఏడాది మద్రాసు ప్రభుత్వం రూపాయిని ప్రమాణ నాణెంగా చేసినప్పుడు 100 పగోడాలకు 350 రూపాయల చొప్పున లెక్కగట్టింది. పుట్టి, గరిసె వంటి ధాన్యపు కొలతలు ప్రాంతాన్ని బట్టి మారాయి, కనుక ఒక తాలూకా ధరను మరో తాలూకా ధరతో పోల్చేముందు రెండుచోట్లా వాడిన కొలత ఏదో నిర్ధారించుకోవాలి.

మూడో మెట్టు: కేటలాగులో వెతకడం

కంప్యూటర్ కేటలాగులో మొదటి అన్వేషణ ఊరి పేరుతోనే చేస్తాం. అయితే వలస పాలకుల పుస్తకాల్లో మన ఊళ్ల పేర్లు వాళ్లు పలికిన తీరులో ఉంటాయి: శ్రీకాకుళం చికాకోల్‌గా, మచిలీపట్నం మసులిపటాంగా, కృష్ణ కిస్ట్నాగా, ఏలూరు ఎల్లూర్‌గా కనబడతాయి. గుంటూరును యు అక్షరం బదులు రెండు ఓ అక్షరాలతో రాసిన గ్రంథాలూ ఉన్నాయి. ఈ రూపాలన్నింటినీ ఒక్కొక్కటిగా వెతకాలి. రచయిత పేరు స్థానంలో "మద్రాస్ ప్రెసిడెన్సీ", "బోర్డ్ ఆఫ్ రెవెన్యూ", "ఈస్టిండియా కంపెనీ", "సెలెక్ట్ కమిటీ" అని కూడా వెతకాలి, ఎందుకంటే ప్రభుత్వ ప్రచురణలను గ్రంథాలయాలు ప్రచురించిన కార్యాలయం పేరు కింద నమోదు చేస్తాయి.

ఒక మంచి పుస్తకం దొరికిన తర్వాత దాని రికార్డు కింద ఉన్న విషయ శీర్షికలను నొక్కి చూడండి. భూమి హక్కు, కరువులు, భూమిశిస్తు, మద్రాసు ప్రెసిడెన్సీ పాలన వంటి శీర్షికల కింద, మీ మాటలతో ఎప్పటికీ దొరకని గ్రంథాలు బయటపడతాయి. ఆ తర్వాత బీరువాల దగ్గరికి వెళ్లాలి. డ్యూయీ దశాంశ పద్ధతి (పుస్తకాలను విషయం వారీగా అంకెలతో వర్గీకరించే పద్ధతి) పాటించే గ్రంథాలయంలో భారతదేశ చరిత్ర 954లో, ఆంధ్ర ప్రాంతం 954.84లో, సామ్రాజ్యవాదం 325.32లో, ఆహార సమస్యలు, కరువులు 363.8లో, భూమి వ్యవహారాలు 333లో ఉంటాయి. ఒకే ప్రశ్నకు ఇన్ని చోట్ల సమాధానాలు చెల్లాచెదురుగా ఉంటాయి గనుక చరిత్ర బీరువా ఒక్కటే చూసి ఊరుకోకూడదు. రంగనాథన్ రూపొందించిన కోలన్ వర్గీకరణ పద్ధతిని అనుసరించే గ్రంథాలయమైతే చరిత్ర అంతా వి అక్షరం కింద ఉంటుంది.

పాత సంపుటాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కి ఉంటాయనుకోవద్దు. పాత కార్డుల కేటలాగు ఇంకా ఉందేమో, ఆక్సెషన్ రిజిస్టరు (పుస్తకాలు చేరిన క్రమంలో రాసే పట్టీ) చూడనిస్తారేమో రిఫరెన్స్ విభాగంలో అడగాలి. ఆ విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసిన ఉద్యోగికి ఏ బీరువాలో ఏముందో కేటలాగుకన్నా బాగా తెలుస్తుంది. "చరిత్ర పుస్తకాలు కావాలి" అని కాకుండా, "1850కి ముందటి కాలం గురించి గుంటూరు, కృష్ణా, నెల్లూరు జిల్లాల మీద అచ్చైన రెవెన్యూ నివేదికలు, మాన్యువళ్లు కావాలి" అని అడిగితే ఆయన చేయగలిగిన సాయం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మీ గ్రంథాలయంలో లేనిదాన్ని డెల్‌నెట్ (గ్రంథాలయాలు పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే వ్యవస్థ) ద్వారా మరో గ్రంథాలయం నుంచి తెప్పించగలరేమో కూడా అప్పుడే కనుక్కోండి.

నాలుగో మెట్టు: అచ్చైన అధికారిక ఆధారాలు

కంపెనీ కాగితాల విషయంలో గుర్తుంచుకోవలసిన ఒక క్రమం ఉంది. కంపెనీ చార్టరును (దాని హక్కుల పత్రాన్ని) పార్లమెంటు 1793, 1813, 1833, 1853 సంవత్సరాల్లో పునరుద్ధరించింది. ప్రతి పునరుద్ధరణకు ముందూ విచారణలు జరిగేవి, సాక్ష్యాలు తీసుకునేవారు, జిల్లాల నుంచి వెళ్లిన ఉత్తరాలను అనుబంధాలుగా అచ్చు వేసేవారు. 1812 నాటి పార్లమెంటు సెలెక్ట్ కమిటీ అయిదో నివేదిక అలా పుట్టినదే. ఉత్తర సర్కారుల శిస్తు వ్యవస్థ గురించి తెలుసుకోవాలంటే మొదట తెరవవలసిన గ్రంథం అది. ఈ క్రమం తెలిస్తే ఆధారాలు ఏ సంవత్సరాల చుట్టూ చిక్కగా ఉంటాయో ఊహించవచ్చు. గుంటూరు కరువు 1833 చార్టరు విచారణలు దాదాపు ముగిసిన సమయంలో వచ్చింది కనుక, దాని మీద చర్చను తర్వాతి దశాబ్దపు కాగితాల్లోనూ, 1853కి ముందు జరిగిన విచారణల్లోనూ వెతకాలి.

ఆ తర్వాత జిల్లా మాన్యువళ్లు, గెజిటీర్లు చదవాలి. ఇవి చదవడానికి తేలికగా ఉంటాయి. ప్రమాదం కూడా అందులోనే ఉంది. మాన్యువల్ రాసిన అధికారి తనకన్నా ముందటి కలెక్టర్ల ఉత్తరాలను సంక్షేపించి, ఎక్కడినుంచి తీసుకున్నాడో చాలాసార్లు చెప్పకుండానే సాగిపోతాడు. గుంటూరు కరువులో ఐదు లక్షల జనాభాకు లక్షన్నర మంది చనిపోయారని కొన్ని చోట్ల, రెండు లక్షల మంది చనిపోయారని మరికొన్ని చోట్ల కనబడుతుంది. ఇలాంటి అంకె ఎదురైనప్పుడు పాదసూచికను పట్టుకుని వెనక్కి నడవాలి: ఈ పుస్తకం ఏ పుస్తకం నుంచి తీసుకుంది, అది ఏ నివేదిక నుంచి తీసుకుంది, ఆ నివేదిక రాసినవాడికి ఆ లెక్క ఎవరు ఇచ్చారు అని చివరి మనిషి దొరికేదాకా అడగాలి. దేశవ్యాప్త జనగణన 1871-72లో గానీ మొదలవలేదు. కాబట్టి 1832 నాటి జనాభా లెక్క ఏదైనా గ్రామాల నుంచి కరణాలు పంపిన పట్టీల మీద ఆధారపడినదే. చనిపోయినవారినీ, నైజాముకో మద్రాసుకో వలసపోయి మళ్లీ తిరిగిరానివారినీ ఆ పట్టీలు వేరుచేసి చూపగలవా అన్న ప్రశ్న మీరే వేసుకోవాలి.

అయిదో మెట్టు: ఒక ఉత్తరాన్ని చదివే పద్ధతి

ఎక్కువ సమయం కేటాయించవలసింది ఇక్కడే. కలెక్టరు రెవెన్యూ బోర్డుకు (శిస్తు వ్యవహారాలు చూసే పై కార్యాలయానికి) రాసిన ఉత్తరం మీ ముందు ఉందనుకోండి. పేరాలకు వరుస సంఖ్యలు ఉంటాయి, అంచున ఒక్కో పేరా సారాంశం ఉంటుంది, చివర జతపరచిన పట్టికలు ఉంటాయి. విద్యార్థులు పేరాలు చదివి పట్టికలను వదిలేస్తారు. నా అభిప్రాయంలో ముందు పట్టికలే చూడాలి. డిమాండు ఎంత, వసూలు ఎంత, బకాయి ఎంత, మాఫీ ఎంత అన్న నాలుగు గళ్లను వరసగా అయిదారు ఫసలీలకు రాసుకుంటే, పేరాల్లో కలెక్టరు దేన్ని సమర్థించుకుంటున్నాడో అప్పుడు స్పష్టమవుతుంది.

తర్వాత ఆ ఉత్తరం ప్రయాణించిన దారిని గీసుకోవాలి. గ్రామంలో కరణం రాసిన లెక్క తాలూకా కచేరీకి, అక్కడినుంచి సిరస్తాదారు (కలెక్టరు కింది ముఖ్య స్థానిక ఉద్యోగి) ఉండే హుజూరు కచేరీకి (జిల్లా కార్యాలయానికి), ఆ పైన కలెక్టరుకు, ఆయన నుంచి మద్రాసులోని రెవెన్యూ బోర్డుకు, బోర్డు నుంచి సెయింట్ జార్జి కోటలోని గవర్నరు కౌన్సిల్‌కు, చివరికి లండన్‌లోని కంపెనీ డైరెక్టర్ల కోర్టుకు (పాలక మండలికి) వెళ్లేది. ఓడ ఆఫ్రికా దక్షిణాగ్రం చుట్టి వెళ్లవలసిన ఆ రోజుల్లో లండన్ జవాబు వచ్చేసరికి ఏళ్లు గడిచేవి. ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు దేన్నో తగ్గించి, దేన్నో పెంచి రాయడానికి కారణం ఉండేది. గుంటూరు విషయంలో ఇది ఊహ కాదు. 1845లో వాల్టర్ ఎలియట్ అనే అధికారిని అక్కడి వ్యవహారాల విచారణకు పంపవలసి వచ్చింది. గ్రామ కరణాలు, కచేరీ ఉద్యోగులు శిస్తు సమాచారాన్ని తమ గుప్పిట్లో పెట్టుకుని కలెక్టర్లను ఎలా నడిపించారో 1965లో వెలువడిన రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ గ్రంథం వివరంగా చూపింది. అంటే కరువు మరణాల లెక్క ఇచ్చినవారూ, శిస్తు లెక్కను మరుగుపరచినవారూ ఒకే వ్యవస్థకు చెందినవారు. సామ్రాజ్యం తనకు తెలుసనుకున్నదానికీ, నిజంగా తెలిసినదానికీ మధ్య ఉన్న ఈ ఎడాన్ని పట్టించుకోని పరిశోధన కలెక్టరు మాటనే మళ్లీ చెబుతుంది.



జమాబందీ, ఇజారా, కిస్తు, అమానీ వంటి రెవెన్యూ మాటలు మనకు పరిచయమైనవే అనిపించినా, ఆనాటి అర్థం ఇప్పటి అర్థం ఒకటి కాకపోవచ్చు. 1852లో వచ్చిన సి.పి. బ్రౌన్ జిల్లా నిఘంటువు, 1855లో వచ్చిన హెచ్.హెచ్. విల్సన్ రెవెన్యూ పదకోశం బల్ల మీద పెట్టుకుని చదవడం మంచిది.

ఆరో మెట్టు: అధికారులు కానివారి మాట

కలెక్టరు ఉత్తరంలో రైతు ఒక సంఖ్య మాత్రమే. ఆ రైతు గొంతు వినిపించే చోట్లు తక్కువే అయినా ఉన్నాయి, వాటిని పట్టుదలగా వెతకాలి. వాటిలో ముఖ్యమైనది మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసల మీద 1855లో వెలువడిన విచారణ సంఘం నివేదిక. శిస్తు చెల్లించలేని రైతును ఎండలో నిలబెట్టడం, వంగదీసి కట్టివేయడం, చెక్కల మధ్య చేతివేళ్లు నొక్కే కిట్టి వాడటం వంటి పద్ధతులను ఆ సంఘమే నమోదు చేసింది. ఆ విచారణ వెనుక మద్రాసులోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి కృషి ఉంది. 1852లో ఆయన నెలకొల్పిన మద్రాసు స్థానికుల సంఘం పార్లమెంటుకు పంపిన విన్నపాలను ఈ నివేదికతో కలిపి చదవాలి. ఇది కరువుకు ఇరవై ఏళ్ల తర్వాతి ఆధారం అన్న మాట మీ రాతలో స్పష్టంగా ఉండాలి. అయినా శిస్తు ఏ పద్ధతుల్లో రాబట్టేవారో తెలుసుకోవడానికి ఇంతకు మించిన అచ్చు ఆధారం లేదు.

తెలుగులో ఉన్న ఆధారాలను పక్కన పెట్టడం మన విశ్వవిద్యాలయాల్లో తరచూ జరిగే అన్యాయం. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య వంటివారు సేకరించిన గ్రామ కైఫియత్తుల్లో (స్థానిక వృత్తాంతాల్లో) గ్రామాల పుట్టుక, మాన్యాలు, పన్నులు, దండయాత్రల వివరాలు ఉన్నాయి. మెకంజీ 1821లో మరణించాడు కనుక ఇవి కరువుకు ముందటి గుంటూరు సీమను చూపుతాయి. వీటిలో కొన్ని అచ్చయ్యాయి. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీకి వెళ్లి, తిరుగుప్రయాణంలో సర్కారు జిల్లాల మీదుగా మద్రాసు చేరుకున్నాడు. 1838లో అచ్చైన ఆయన యాత్రా చరిత్ర ఆ ప్రాంతాన్ని కరువుకు ఒక్క ఏడాది ముందు చూసిన తెలుగువాడి సాక్ష్యం. అయితే ఆయన మద్రాసు సుప్రీం కోర్టు ఉద్యోగి, కంపెనీ పాలనలో గౌరవ స్థానం ఉన్నవాడు. కలెక్టరు మాటను ఎలా పరీక్షిస్తామో ఆయన మాటనూ అలాగే పరీక్షించాలి.

న్యాయశాస్త్ర విభాగపు గ్రంథాలయానికి కూడా వెళ్లండి. గుంటూరు ప్రాంతపు వాసిరెడ్డి జమీందారీ వారసత్వ వ్యాజ్యం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (అప్పటి అత్యున్నత అప్పీలు న్యాయస్థానం) దాకా వెళ్లి 1846లో తీర్పు పొందింది. ఆ తీర్పు మూర్ సంకలనం చేసిన భారత అప్పీళ్ల సంపుటాల్లో ఉంది. కరువు వచ్చిన రోజుల్లో ఆ జమీందారీ ఎవరి చేతుల్లో ఉందో, ఎందుకు కుంగిపోయిందో చరిత్ర బీరువాల్లోకన్నా ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

ఏడో మెట్టు: చరిత్రకారుల చర్చలోకి ప్రవేశం

ఆధారాలతో కొంత పరిచయం కలిగిన తర్వాతే సిద్ధాంత గ్రంథాలు తీయాలి. భూమిశిస్తు భారమే కరువులను ప్రాణాంతకం చేసిందని రమేశ్ చంద్ర దత్ 1900లో వైస్రాయ్ కర్జన్‌కు బహిరంగ లేఖలు రాస్తే, ప్రభుత్వం 1902లో ఒక తీర్మానం రూపంలో దానికి జవాబిచ్చింది. మన ప్రశ్నకు ఈ వాదం నేరుగా సంబంధించినది కనుక రెండు పక్షాలనూ మూలంలోనే చదవండి. దాదాభాయి నౌరోజీ సంపద తరలింపు వాదం (1901), బ్రిటిష్ రచయిత హాబ్సన్ (1902), రష్యన్ విప్లవ నాయకుడు లెనిన్ (1917) చేసిన సామ్రాజ్యవాద విశ్లేషణలు ఆ తర్వాత వస్తాయి. అయితే హాబ్సన్, లెనిన్ మాట్లాడుతున్నది పందొమ్మిదో శతాబ్దం చివరినాటి పెట్టుబడి ఎగుమతుల గురించి. 1832 నాటి కంపెనీ శిస్తు రాజ్యానికి వారి వాదనను యథాతథంగా అంటగట్టకూడదు.

పరిశోధన వ్యాసాల కోసం జేస్టోర్ (పరిశోధన పత్రికల ఆన్‌లైన్ నిధి), 2025 జనవరి నుంచి అమలవుతున్న "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" పథకం కింద అందే పత్రికలు చూడాలి. శోధగంగలో తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా దొరుకుతాయి. వాటి తీర్మానాలకన్నా, చివర ఇచ్చిన భాండాగార (పాత ప్రభుత్వ పత్రాలు భద్రపరిచే ఆర్కైవ్స్) సంపుటాల సంఖ్యలే మీకు ఎక్కువ పనికివస్తాయి. రాజమండ్రి నుంచి వెలువడిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రిక, 1924లో మొదలైన భారతి మాసపత్రిక బైండు సంపుటాలను కూడా తిరగేయండి.

ఎనిమిదో మెట్టు: నోట్సు

ప్రతి నోటు పైనా ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఏ తేదీన, ఏ సంపుటం, ఏ పుట అన్న అయిదు వివరాలు ఉండాలి. మూలంలోని మాటలను కొటేషన్లలో, మీ వ్యాఖ్యను వేరే రంగు సిరాలో లేదా వేరే గడిలో రాయాలి. ఆరు నెలల తర్వాత రెండూ కలిసిపోతే విడదీయడం అసాధ్యం. జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇందుకు బాగా పనికివస్తుంది. పందొమ్మిదో శతాబ్దం చివర అచ్చైన పుస్తకాల కాగితం పెళుసుబారి ఉంటుంది. వాటిని జిరాక్సు యంత్రం మీద బోర్లించి నొక్కవద్దు, అనుమతి తీసుకుని ఫోటో తీసుకోండి. చేతిలో పెన్ను కాక పెన్సిలే ఉండాలి.

తొమ్మిదో మెట్టు: భాండాగారానికి వెళ్లే ముందు

గ్రంథాలయంలో అచ్చు ఆధారాలు పూర్తయ్యాకే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు భాండాగారానికో, హైదరాబాద్ తార్నాకలోని భాండాగారానికో వెళ్లాలి. మద్రాసు రెవెన్యూ బోర్డు 1786లో ఏర్పడింది. దాని ప్రొసీడింగ్స్ చేతిరాత సంపుటాలు ఎగ్మూరులో ఉన్నాయి. అక్కడ ఉత్తరాలను కలెక్టరు రాసిన తేదీ ప్రకారం కాక, బోర్డు వాటిని చర్చకు తీసుకున్న తేదీ ప్రకారం అమర్చారు. అందువల్ల అచ్చు గ్రంథంలో చూసిన ఉత్తరం తేదీకి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల తర్వాతి సంపుటంలో వెతకాలి. మార్గదర్శకుడి సంతకంతో పరిచయ లేఖ, గుర్తింపు కార్డు, మీరు ఇప్పటికే తయారు చేసుకున్న ఉత్తరాల తేదీల పట్టిక వెంట తీసుకెళ్లండి. మొదటిరోజు 1832 ద్వితీయార్ధపు సంపుటాలను అడిగి, వాటి సూచికలో గుంటూరు కింద ఉన్న పద్దులన్నీ రాసుకుని, వానలు తప్పిన వార్త బోర్డుకు మొదట ఏ తేదీన చేరిందో, దాని మీద బోర్డు ఏమని ఉత్తర్వు వేసిందో ముందుగా చూడండి.